తెల్లకారు పుకారు

గత కొద్ది వారాలుగా తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల పల్లెల్లో ఒక పుకారు జోరుగా షికారు చేస్తున్నది. పోలీసువారు కొన్ని తెల్లకార్లు తెచ్చారనీ, చూడడానికి అవి మన ఊరి కిరాయి కార్ల మాదిరే ఉంటాయనీ, పైన బుగ్గ గానీ పక్కన అక్షరాలు గానీ ఉండవనీ, లోపల ఇంజను మాత్రం ఎవరికీ తెలియకుండా మార్చి పెద్దది బిగించారనీ దాని సారాంశం. ఎంత వేగంగా పోయే బండినైనా అది ఇట్టే దాటి, రోడ్డుకు అడ్డం తిరిగి నిలబడుతుందట.

ఈ పుకారుకు కాళ్ళతోపాటు చక్రాలు కూడా ఉన్నట్లున్నాయి. తెనాలి మార్కెట్టు దగ్గర ఈ విలేఖరి విన్నప్పుడు కారు వేగం నూట నలభై. వేమూరు వచ్చేసరికి నూట అరవై అయింది. భట్టిప్రోలులో నూట ఎనభై. రేపల్లె స్టేషను ఎదుట టీ బడ్డీ దగ్గర అదే కారు రెండు వందల ఇరవై మీద పోతున్నది. నిజాంపట్నం వైపు తిరిగే ఒక రొయ్యల వ్యాపారి అయితే అది సముద్రపు ఇసుకలో కూడా కూరుకుపోదని ఘంటాపథంగా చెప్పాడు. చీకటి పడగానే నెంబరు ప్లేటు దానంతట అదే తిరగబడి వేరే నెంబరు వస్తుందని బాపట్ల బస్టాండులో ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. తాము చూశామన్నవారు మాత్రం ఒక్కరూ తగల్లేదు. అందరూ "మా బావమరిది చూశాడు" అన్నవారే.

నవ్వి ఊరుకోదగిన మాటలే. కానీ నవ్వలేని సంగతి ఒకటి జరిగింది గనుకనే ఇది రాయవలసి వచ్చింది.

ఇటీవల ఒక రాత్రి ఇంటరు చదివే కుర్రాడొకడు కాలువగట్టు రోడ్డు మీద మోటారు సైకిలుపై ఇంటికి వస్తున్నాడు. లైసెన్సు లేదు. బండి మేనమామది. సైలెన్సరు తీసేసి డబడబలాడేది మరొకటి బిగించి ఉన్నది. వెనుక కారు లైట్లు కనిపించాయి. తెల్లకారు. కుర్రవాడు వేగం పెంచాడు, కారు కూడా పెంచింది. మరింత పెంచాడు, మరింత పెంచింది. ఇక సందేహం లేదనుకొని పిడి పూర్తిగా తిప్పాడు. మలుపు దగ్గర బండితో సహా కాలువలో పడ్డాడు. నీరు నడుము లోతే గనుక ప్రాణం దక్కింది, కాలు మాత్రం రెండు చోట్ల విరిగింది.

ఆ కారులో ఉన్నది సూర్యలంక సముద్రస్నానానికి వెళ్ళి తిరిగి వస్తున్న ఒక కుటుంబం. దారి కొత్త. గట్టు మీద మలుపు ఎక్కడ వస్తుందో తెలియక, ముందు పోతున్న మోటారు సైకిలు ఎర్రదీపాన్నే ఆనవాలుగా పెట్టుకొని వస్తున్నారు. దీపం దూరమైపోతుందేమోనని వారు కూడా వేగం పెంచారు. చివరకు వారే దిగి, చీరె ఒకటి తాడులా వేసి కుర్రవాణ్ణి పైకి లాగారు, ఆస్పత్రిలో చేర్చారు. తెలివి వచ్చాక వాడు అడిగిన మొదటి ప్రశ్న: "మీరు పోలీసులు కాదా అండీ?"

ఈ పుకారులో నిజం పాలు ఎంత? పైకి మామూలుగా ఉండి లోపల వేరే ఇంజను ఉన్న కారు అనేది పూర్తిగా కల్పన అని ఎవరైనా అంటే ఈ విలేఖరి ఒప్పుకోడు. అటువంటివి ప్రపంచంలో ఉన్నాయి. పాత రోజుల్లో సోవియట్ పత్రికలు తెప్పించుకొని చదివిన పెద్దలు మన తెనాలి, రేపల్లె తాలూకాలలో తక్కువమంది కాదు. వారికి వోల్గా కారు బొమ్మ గుర్తుండే ఉంటుంది. అక్కడ టాక్సీలు చాలావరకు అవే. మామూలు వోల్గాకు నాలుగు సిలిండర్ల ఇంజను, కొత్త నమూనాలో కూడా 95 అశ్వశక్తే. కానీ అక్కడి రహస్య పోలీసు శాఖ కేజీబీ కోసం అదే వోల్గా పెట్టెలో, పెద్ద అధికారులు తిరిగే చైకా కారు ఇంజను దించారు. ఎనిమిది సిలిండర్లు, 195 అశ్వశక్తి. 1962 నుంచి 1970 వరకు పాత నమూనాలోనూ, ఆ తర్వాత కొత్త నమూనాలోనూ ఇటువంటివి తయారైనాయి. బయటినుంచి చూస్తే టాక్సీకీ దానికీ తేడా తెలియదు. లోపల మాత్రం క్లచ్చి పెడలు ఉండదు, గేర్లు వాటంతట అవే పడతాయి. బరువైన ఇంజను వల్ల ముందు భాగం కుంగిపోకుండా స్ప్రింగులు గట్టిపరచవలసి వచ్చింది. ఆ దేశపు ఫ్యాక్టరీయే, ఆ ప్రభుత్వమే, పనిగట్టుకొని తక్కువ సంఖ్యలో చేయించుకున్న బండ్లు అవి. వీధి చివరి షెడ్డులో మార్చినవి కావు.

అమెరికాలో ఫోర్డు కంపెనీ క్రౌన్ విక్టోరియా కారును పోలీసులకోసం ప్రత్యేకంగా తయారుచేసేది. గట్టి స్ప్రింగులు, ఎక్కువ చల్లబరచే రేడియేటరు, పెద్ద డైనమో వగైరా ఉండేవి. 2011 వరకు అది నడిచింది. రంగు, అక్షరాలు లేకుండా కొన్నింటిని మామూలు కార్లలాగే తిప్పేవారు. అయితే అందులో రహస్యమేమీ లేదు. పాతబడగానే వేలంలో అమ్మేవారు, టాక్సీవాళ్ళు కొనుక్కునేవారు.

ఇక మన సంగతి. మన ప్రాంతంలో ఈ మాట కొత్తది కాదు. ఈ విలేఖరి చిన్నతనంలో, అంటే 1990ల చివరలో, ప్రభుత్వ అంబాసిడర్ కారు రయ్యిన పోతే అరుగుల మీద కూర్చున్నవారు "దానిలోది జపాను ఇంజను రా" అనేవారు. అది అబద్ధం కాదు. ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్సు వారు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై చేసిన అంబాసిడర్‌కు అంతకుముందు ఉన్నది 1489 సీసీ ఇంజను, యాభై చిల్లర అశ్వశక్తి. 1990ల మొదట్లో జపాను ఇసుజు కంపెనీ 1800 సీసీ ఇంజనును అదే పాత శరీరంలో పెట్టి అమ్మకానికి విడుదల చేశారు. సుమారు 75 అశ్వశక్తి, ఐదు గేర్లు. మునుపటి బండి ఎక్కలేక ఆయాసపడే వంతెన ఎగువను ఇది అవలీలగా ఎక్కేది. చూసేవారికి మాత్రం అదే గుండ్రటి బానెట్టు, అవే దీపాలు. డబ్బున్న ఆసామి ఎవరైనా షోరూముకు వెళ్ళి అదే బండి కొనుక్కోవచ్చును. మనవాళ్ళకు ఆ విషయం తెలియక, సర్కారువారు దొంగతనంగా ఇంజను మార్చారని ఊహించుకున్నారు. ఆ అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఊహ మాత్రం ఆగలేదు, కొత్త కారు ఎక్కింది.

ప్రభుత్వం మామూలు కారులో మామూలు కాని ఏర్పాట్లు చేయించిన సందర్భం కూడా మన రాష్ట్రంలో ఉన్నది. 2003 అక్టోబరు 1న తిరుపతి అలిపిరి వద్ద మందుపాతరలు పేలినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఉన్నది గుండు దూరని అంబాసిడర్‌లో. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఉక్కు పలకలు బిగించినది ప్రాణరక్షణ కోసం, పరుగుపందెం కోసం కాదు.

తెనాలిలో ముప్పై ఏళ్ళుగా కార్లు బాగుచేస్తున్న ఒక మేస్త్రీని ఈ విలేఖరి అడిగాడు. చేతులు తుడుచుకుంటూ ఆయన చెప్పినది పామరులకు కూడా అర్థమయ్యేటట్లున్నది. ఇంజను ఒక్కటే మారిస్తే బండి పరుగెత్తదు. గేరుబాక్సు తట్టుకోవాలి, బ్రేకులు మార్చాలి, టైర్లు మార్చాలి. ఇప్పటి బండ్లలో ఇంజనుకు కంప్యూటరు ఒకటి ఉంటుంది, అది ఒప్పుకోవాలి. "అన్నీ మార్చి లక్షలు పోసి, వెయ్యి రూపాయల చలానా రాసుకోవడానికి మన కాలువగట్ల మీద తిప్పుతారా బాబూ?" అన్నాడాయన. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేగం మీరిన కారుకు జరిమానా వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. మేస్త్రీ లెక్క సబబుగానే ఉన్నది.

అదీగాక, మన రోడ్లు తెలిసినవారు ఆలోచించవలసిన విషయం. తెనాలి నుంచి రేపల్లెకు ఎన్ని మలుపులు, ఎన్ని వంతెనలు, ఎన్ని ఊళ్ళు! పంట కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. ఎదురుగా వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు, దాని వెనుక గేదెల మంద. రెండు వందల ఇరవై మీద పోయే కారు ఇక్కడకు వచ్చి ఏం చేస్తుంది? గేదె వెనుక నిలబడి హారను కొట్టుకోవాలి.

పోలీసులకు వేగమైన బండి అవసరం మునుపటికన్న ఇప్పుడు తగ్గింది కూడా. పారిపోయే కారుకన్న సెల్‌ఫోనులో మాట వేగంగా పోతుంది. వేమూరులో దాటిన బండిని భట్టిప్రోలులో ఆపవచ్చును, మధ్యలో తరమవలసిన పనిలేదు. పెద్ద రోడ్డెక్కితే కాజ టోల్‌గేటు దగ్గర కెమేరా చూస్తుంది. ఫాస్టాగు చీటీ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అయినది గనుక ఏ బండి ఏ నిమిషంలో దాటిందీ లెక్క ఉంటుంది. వేగం కొలిచే తుపాకీ యంత్రం పట్టుకొని రోడ్డు పక్కన చెట్టు నీడన కూర్చుంటే చలానా ఇంటికే వస్తుంది. ఇంత సుఖమైన మార్గం ఉండగా ప్రాణాలకు తెగించి వెంటపడే కానిస్టేబులు ఎవరు?

మరి పుకారు ఎందుకు ఇంత తేలికగా అంటుకున్నది? ఒక చిన్న కారణం నెంబరు ప్లేట్లలోనే ఉన్నదని ఈ విలేఖరి అభిప్రాయం. మునుపు ఏపీ 07 అంటే గుంటూరు బండి, 16 అంటే కృష్ణా బండి, 27 అంటే ప్రకాశం బండి. ఊళ్ళోకి కారు వస్తే ఏ జిల్లా నుంచి వచ్చిందో కిళ్ళీకొట్టు దగ్గర పిల్లవాడు కూడా చెప్పేవాడు. 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతటా ఏపీ 39 అని ఒకే వరుస వచ్చింది. శ్రీకాకుళం బండీ అదే, చీరాల బండీ అదే. పైగా 2022 ఏప్రిల్ 4న బాపట్ల కొత్త జిల్లా అయింది, రేపల్లె అటు పోయింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఏ స్టేషనువారు ఎవరి కిందివారో, ఏ జీపు ఎక్కడిదో పల్లెవాసులకు ముఖపరిచయం తగ్గింది. తెలియని బండి ప్రతిదీ అనుమానపు బండే.

రెండో కారణం రాత్రివేళల వ్యాపారం. ఇసుక, చౌకబియ్యం చాటుమాటుగా తోలేవారు తమ బండికి ముందు మోటారు సైకిలు మీద ఒకణ్ణి పంపి దారి చూపించుకోవడం పల్లెల్లో అందరికీ తెలిసినదే. మఫ్టీలో పోలీసులు మామూలు కారులో కాపు కాయడమూ నిజమే, అది ఈనాటిది కాదు. పట్టుబడినవాడు "మా డ్రైవరు నిద్రపోయాడు" అని యజమానికి చెప్పుకోలేడు. "వాళ్ళ కారులో ఏదో పెద్ద ఇంజను ఉన్నదండీ" అని చెప్పుకుంటే పరువు దక్కుతుంది. ఇటువంటి సంజాయిషీలలో ఎన్ని ఈ పుకారుకు పెట్టుబడి అయినాయో!

అయితే ఏ కారునైనా అనుమానించే అలవాటు ఎక్కడికి దారితీస్తుందో మనకు అనుభవమే. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని సెల్‌ఫోన్లలో వచ్చిన కబుర్లు నమ్మి రెండు తెలుగు రాష్ట్రాలలో బిచ్చగాళ్ళనూ, మతిస్థిమితం లేనివారినీ చావగొట్టారు. అదే ఏడాది జూలై 13న హైదరాబాదు నుంచి కర్ణాటక బీదరు జిల్లాకు కారులో వెళ్ళిన కొందరు యువకులు పిల్లలకు చాక్లెట్లు పంచితే, వారు ముఠావారని ఫోనులో కబురు ముందే పరుగెత్తింది. ముర్కి గ్రామం దగ్గర రోడ్డుకు అడ్డుకట్ట వేశారు. కారు బోల్తాపడింది. వందలమంది మీదపడ్డారు. ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయింది. ఆ కారు ఇంజనులోనూ ఏ రహస్యమూ లేదు. ఆ నెలలోనే వాట్సాప్‌వారు మన దేశంలో ఒక కబురును ఐదింటికి మించి పంపకుండా కట్టుబాటు పెట్టారు. సుప్రీంకోర్టు జూలై 17న ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి అధికారిని ఇటువంటి మూకదాడుల నివారణకు బాధ్యుడిగా నియమించాలని ఆదేశించింది.

బాపట్ల పక్కనే ఉన్న స్టూవర్టుపురం వారిని అడిగితే అనుమానమనే దాని బరువు తెలుస్తుంది. తెల్లదొరల కాలంలో, 1913లో, ఎరుకల కులస్థులను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి అక్కడ స్థావరం పెట్టారు. నేరస్థ జాతుల చట్టం 1952 నాటికి రద్దయింది. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా, ఆ ఊరి పేరు చెబితే ఉద్యోగం ఇచ్చేవాడు ఒకసారి ముఖంలోకి చూస్తాడు. రాత్రిపూట గుర్తులేని కారు వచ్చి ఇంటి ముందు ఆగితే మనకు అది కాలక్షేపపు కబురు. అటువంటి ఊరివారికి అది పాత భయం. దానిని పుకారు అని కొట్టిపారేసే హక్కు మనకు లేదు.

ఇక్కడే పోలీసువారికి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. పుకారు ఇన్ని వారాలు తిరుగుతున్నా పల్లెల్లోకి వచ్చి "ఇది ఇంతవరకే నిజం, ఆపైన అబద్ధం" అని ఎవరూ చెప్పలేదు. జనం భయపడితే మంచిదే, వేగం తగ్గుతుందని అనుకుంటున్నారేమో తెలియదు. భయపడినవాడు వేగం తగ్గించడు, పెంచుతాడు. కాలువలో పడిన కుర్రవాడు పెంచాడు.

చట్టం ఏమంటున్నదో చెప్పినా సగం భయం పోతుంది. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను ప్రకారం రోడ్డు మీద లైసెన్సు చూపమని అడిగే పోలీసు యూనిఫారంలో ఉండాలి. కెమేరాలతో వేగం కొలిచే చోట ముందుగా కనిపించేటట్లు బోర్డు పెట్టాలని 2021లో వచ్చిన కేంద్ర నిబంధన. మన జిల్లాల్లో ఆ బోర్డులు ఎన్ని ఉన్నాయో, ఉన్నవాటిని సినిమా పోస్టర్లు ఎన్ని మింగాయో అధికారులు ఒకసారి తిరిగి చూడవలెను. అరెస్టు విషయంలో అయితే డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పట్టుకునే పోలీసులు పేరు, హోదా తెలిసే గుర్తు ధరించాలి. అరెస్టు కాగితం రాయాలి, కుటుంబ సభ్యుడో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. బంధువులకు కబురు చేయాలి. ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగంలోనే ఉన్నది. ఏ కారులో వచ్చారన్నది, దానిలో ఎన్ని సిలిండర్లు ఉన్నాయన్నది ఈ నియమాలను మార్చదు. పంచాయతీ కార్యాలయం గోడ మీద ఈ నాలుగు ముక్కలు రాయించడానికి ఖర్చు ఒక డబ్బా రంగు.

ఇంజను మార్చడం నిజంగా ఎవరు చేస్తున్నారని చూస్తే, మన ఇళ్ళలోనే కనిపిస్తారు. సైలెన్సరు కోసేసినవారు, కార్బురేటరు పెద్దది పెట్టినవారు, వెనుక నెంబరు ప్లేటు పైకి మడిచినవారు మన పిల్లలే. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చరాదని చట్టం 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో మార్పు ఒక్కింటికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని వచ్చింది. ఈ పని చేసిపెట్టే షెడ్లు ప్రతి పట్టణంలోనూ బోర్డు కట్టుకొనే ఉన్నాయి. పోలీసుల రహస్య ఇంజను గురించి గంటలకొద్దీ మాట్లాడే తండ్రులు తమ అబ్బాయి బండిని ఒకసారి వంగి చూసినట్లు లేదు.

గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు ఇరవైరెండు మీటర్లు పోతుంది. ఎదురుగా వడ్లరాశి కనబడి, చేయి బ్రేకు మీదకు వెళ్ళే లోపలే అంత దూరం అయిపోతుంది. బ్రేకు పట్టాక నలభైలో ఆగే దూరానికి ఎనభైలో నాలుగింతలు కావాలి. ఇది ఏ ఇంజనుకైనా ఒకటే లెక్క, సర్కారు ఇంజనుకు వేరే లెక్క లేదు.

కుర్రవాడు పడిన మలుపు దగ్గరకు ఈ విలేఖరి మొన్న వెళ్ళి చూశాడు. గట్టుకు రెయిలింగు లేదు. మలుపు ఉన్నదని తెలిపే బోర్డు లేదు. వీధిదీపం స్తంభం ఉన్నది, దీపం లేదు. ఆ మలుపులో ఇంతకుముందు కూడా రెండు బండ్లు పడ్డాయని పక్క పొలం రైతు చెప్పాడు. కుర్రవాడు పడిన మర్నాడు గ్రామస్థులు తాటిబొంద ఒకటి తెచ్చి అంచున అడ్డంగా వేసి, దానికి సున్నం పూశారు. తొలి వానకు ఆ సున్నం సగం కారిపోయింది.